ఆదిత్య 369 - ప్రతిభేదములు, పాఠనిర్ణయము

తాళపత్రప్రతులను సరిపోల్చి చూడక కావ్యగుణదోషవిచారమునకు పూనుకొన్నవానిని మన శాఖలలో నెవ్వరును విమర్శకుడనరు. బ్రౌనుదొర కడపలో పండితులను నియమించి, ప్రతులు తెప్పించి, శుద్ధప్రతులు వ్రాయించినది ఈ యవసరము నెరిగియే. అట్టి సంప్రదాయమున పెరిగిన మనము చలనచిత్రమును గూర్చి తీర్పు చెప్పునపుడు మాత్రము ఏ ప్రతిని చూచి చెప్పుచున్నామో చెప్పము. ఈ లోపము మాయందును కలదు. 'ఆదిత్య 369'ను గూర్చి తరగతిలో ఏండ్లతరబడి చెప్పుచువచ్చిన అభిప్రాయమొకదానిని మేమిపుడు ఉపసంహరించుకొనుచున్నాము.

సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వమున 1991 జూలై 18న విడుదలయిన ఈ చిత్రమునకు హెచ్.జి.వెల్స్ 1895లో ప్రకటించిన కాలయంత్రనవల ప్రేరణ మనుట ప్రసిద్ధము. కాని వెల్స్ పథికుడు భవిష్యత్తునకే పోవును. మన చిత్రమున యంత్రము మొదట వెనుకకు, 1526 నాటి విజయనగరమునకు పోయి, పిదప 2504నకు పోవును. ఈ క్రమభేదము చిన్నది కాదు. తెలుగువానికి కాలయంత్రము దొరకినచో ముందుగా భువనవిజయమునకే పోవునని దర్శకుడు గ్రహించెను. జంధ్యాల సంభాషణలలో సభాభాషయు నేటి వాడుకయు ఎదురుపడిన చోట్ల పుట్టు హాస్యము ఈ క్రమమువలననే సాధ్యమైనది.

రాయల పాలన 1509 మొదలు 1529 వరకు. కాగా 1526 దండయాత్రలు ముగిసిన కాలము. జలంత్రకోట, టెక్కలి ప్రాంతములవారమైన మాకు రాయలు మొదట గజపతులపై దండెత్తివచ్చిన రాజు; 1516 నాటి సింహాచల శాసనము అందులకు సాక్షి. చిత్రములోని రాయలు ఆ రాయలు కాడు. తెనాలి రామకృష్ణుడు రాయల కొలువులో నుండెనా యనునదియు వివాదాస్పదమే. అయినను దీనిని దోషముగా నెన్నరాదు. చిత్రము చరిత్రను గాక చాటుకథలలోని విజయనగరమును ఆశ్రయించినది.

ఇక మా తీర్పు సంగతి. మూడు కాలములకు మూడు రూపములు కల్పించుటలో చిత్రము విఫలమైనదనియు, రాయల సభ యంతయు ఒకే మసకవన్నెలో నడచినదనియు మేము చెప్పుచుంటిమి. ఈ చిత్రమును మేము బాల్యమున చూచినది వీధిలో పండుగరాత్రి అద్దెకు తెచ్చిన రంగుల టీవీ, వీడియో డెక్కులపైన. ఆ కేసెట్టు మూలమునుండి తీసినది కాదు. ప్రతికి ప్రతి, దానికి మరల ప్రతి. అయస్కాంతపు టేపుపై ఒక్కొక్కమారు నకలు తీయునపుడెల్ల రంగు కొంత, గీత కొంత జారును. వి.హెచ్.ఎస్. స్పష్టతయే సుమారు 240 రేఖలు. దానికి తోడు ఉద్దానపు ఉప్పుగాలి. తేమకు టేపుచుట్టపై తెల్లని బూజు పట్టుట ఈ తీరమున నెరుగనివారు లేరు. తాటియాకునకు చెదలెట్టిదో టేపునకు బూజట్టిది. తరువాత వాడుకలోనికి వచ్చిన వి.సి.డి.లలో చిత్రప్రమాణము 352×288 బిందువులు మాత్రమే. ఒక్కొక్క బిళ్ళయందు గంటంబావుకు మించి పట్టదు గనుక రెండుగంటలు మించిన చిత్రము రెండు బిళ్ళలకు చీలును. లేఖకుడు ఆకు చాలక ఆశ్వాసమధ్యమున ఆపినట్లు, ఆ తెగుట దర్శకుడు నిర్ణయించిన విశ్రాంతితో సరిపోవలెనను నియమము లేదు. వెండితెర వెడల్పు నాటి గృహతెరకు లేదు. చిత్రమును తెరనిండ నింపినచో రెండంచులు పోవును. సభాసన్నివేశములలో అంచులనున్నవారే సభాసదులు గదా!

2025 ఏప్రిల్ 4న చిత్రమును 4కె ప్రమాణమునకు మార్చి, ధ్వనిని 5.1 పద్ధతికి తెచ్చి పునర్విడుదల చేసిరి. అది చూచినంతనే మా మసకవన్నె వాదము నిలువలేదు. ఈ చిత్రమునకు ఛాయాగ్రాహకులు ముగ్గురు: పి.సి.శ్రీరామ్, వి.ఎస్.ఆర్.స్వామి, కబీర్ లాల్. వర్తమానపు వెలుగు, సభలోని బంగరుచాయ, 2504 నాటి భూగర్భనివాసముల చల్లని కాంతి వేరువేరుగ తెలియుచున్నవి. దర్శకునిపై మేము మోపిన దోషము లేఖకునిది.

అయితే దోషములన్నియు లేఖకునివే కావు. 2504 భాగము ఏ ప్రతిలో చూచినను పలుచనిదే. అణుయుద్ధానంతర ప్రపంచమను గంభీరవిషయమును తెచ్చి, దానిని త్వరత్వరగా దాటిపోయిరి. రాయల సభపై చూపిన తీరికలో సగము చూపినను బాగుండెడిది. రాజావర్మ వజ్రాపహరణకథ కూడ అచటచట సాగినది. స్పష్టత పెరిగినకొలది కృత్రిమపు అమరికలును బయటపడినవి. మసక కప్పిపుచ్చినదియు కొంత కలదు.

4కె ప్రతిని మూలమే యనుకొనుటయు పొరపాటు. వన్నె సవరించుట, ధ్వనిని విభజించి కూర్చుట పరిష్కర్త పనులు. ఏ నెగెటివునుండి తీసిరి, ఎచట సవరించిరి యను పీఠిక ప్రతి పునర్విడుదలకును ఉండదగినది. మరియొక మాట. ఉద్దానమున ఒక తరమువారికి 'ఆదిత్య 369' అనగా ఆ మసక కేసెట్టే. వ్యాప్తిలో నున్న పాఠమును అశుద్ధమని పారవేయుట పరిష్కర్త ధర్మము కాదు, పాఠాంతరముగా నుంచవలెను. మా పరిశోధకవిద్యార్థులను పలాస, కాశీబుగ్గ ఇండ్లలో మిగిలిన కేసెట్లను, బిళ్ళలను చూచి, పైచీటీని, నిడివిని, ఎచట తెగినదో ఆ స్థలమును వ్రాసికొని రమ్మని కోరితిమి. వానకాలము మరల రాకముందే ఆ పని జరుగవలెను.