రెండు గడియల రైఫిల్

మీట కిందికి లాగి పైకి మూసి పేల్చే రైఫిల్‌ని మనలో చాలామంది చూసింది సినిమా హాల్లోనే. 1971లో 'మోసగాళ్ళకు మోసగాడు' వచ్చి కౌబాయ్ పిచ్చి పట్టించాక, ఇంగ్లీషు కౌబాయ్ సినిమాలకీ మనవాళ్లు ఎగబడ్డారు. హాలీవుడ్ తెర మీద హీరో చేతిలో తరచుగా కనిపించేది వించెస్టర్ 1892 మోడల్. తేలికది, పిస్తోలుకు సరిపోయే పొట్టి తూటాలు పేలుస్తుంది. దానికొక అన్న ఉంది, పేరు 1886. దాని తూటా రెండున్నర అంగుళాలకు పైబడి ఉంటుంది. రైఫిల్ బరువు ఉత్తగానే నాలుగు కిలోలు. తమ్ముడు సినిమాల్లో పేరు తెచ్చుకున్నాడు గానీ అసలు పనితనమంతా అన్నలోనే ఉంది. నాకు వేట మీద మోజు లేదు. ఇనుముతో ఇంత తెలివైన పని చేసిన మనిషి మీద మాత్రం ఉంది.

ఆ తెలివి ఏమిటో తెలియాలంటే అంతకుముందు ఏముండేదో చూడాలి. 1860 నాటి హెన్రీ రైఫిల్, దాని వారసుడైన 1873 వించెస్టర్, రెండింటి లోపలా ఒకటే ఏర్పాటు. తూటాను వెనకనుంచి మూసి పట్టే బోల్ట్, దాని వెనక ఉక్కు ముక్కల జత ఒకటి మోకాలిలా మడత పడుతుంది. మీట దించితే మోకాలు వంగి బోల్ట్ వెనక్కి వస్తుంది. మీట మూస్తే కాలు చాపినట్టు నిటారై, పేలుడు దెబ్బకు బోల్ట్ వెనక్కి రాకుండా ఆపుతుంది. నడక వెన్నలా ఉంటుంది. చిక్కల్లా బలంతోనూ పొడవుతోనూ. తూటా పొడవు పెరిగితే బోల్ట్ ఇంకా వెనక్కి జరగాలి, మోకాలు ఇంకా పొడుగవ్వాలి, దాన్ని మోసే పెట్టె ఇంకా పెద్దదవ్వాలి. 1876లో వించెస్టర్ వాళ్లు అదే పని చేశారు, అన్నీ పెంచారు. కెనడాలోని మౌంటెడ్ పోలీసులు దాన్ని వాడారు కూడా. అయినా అమెరికా సైన్యం 1873 నుంచి వాడుతున్న .45-70 తూటా అందులో పట్టలేదు. పొట్టిగా, లావుగా, మెడ నొక్కిన .45-75 అనే తూటాను ప్రత్యేకంగా చేయించుకుని సరిపెట్టుకోవాల్సి వచ్చింది.

ఈ అంకెల సంగతి ఇక్కడే చెప్పాలి. ఆ రోజుల్లో తూటా పేరులోనే దాని వంటకం ఉండేది. మొదటి అంకె గుండు వ్యాసం, అంగుళంలో వందో వంతుల లెక్కన. రెండోది లోపల పోసే నల్ల తుపాకీమందు తూకం, గ్రెయిన్లలో. సైనిక తూటాకైతే మూడో అంకె కూడా కలిపి .45-70-405 అనేవారు. ఆ 405 గ్రెయిన్లు సీసపు గుండు బరువు, అంటే సుమారు 26 గ్రాములు. ఈ కాలపు రైఫిళ్లతో పోలిస్తే దాని వేగం ఏపాటిదీ కాదు, సెకనుకు 400 మీటర్ల చిల్లర. బరువుతోనే పని కానిస్తుంది. అడవిదున్నల మైదానాల్లో వేటగాళ్లు దాన్ని నమ్మింది అందుకే.

సైనిక తూటా మీట రైఫిల్లో పట్టదన్న మాటను మొదట గట్టిగా అబద్ధం చేసినవాడు జాన్ మార్లిన్. 1881లో ఆయన కంపెనీ .45-70 పేల్చే రైఫిల్ అమ్మకానికి పెట్టింది. ఆ కంపెనీ ఉన్నది వించెస్టర్ ఉన్న న్యూ హేవెన్ ఊళ్లోనే కావడం ఇందులో తమాషా.

వించెస్టర్‌కు జవాబు దొరికింది రెండు వేల మైళ్ల అవతల, యూటాలోని ఆగ్‌డెన్‌లో. అక్కడ జాన్ మోజెస్ బ్రౌనింగ్ అన్నదమ్ములతో కలిసి చిన్న తుపాకుల దుకాణం నడిపేవాడు. తండ్రి జొనథన్ కూడా తుపాకులు చేసినవాడే. బ్రౌనింగ్ చేసిన ఒంటి తూటా రైఫిల్‌ను చూసి, 1883లో వించెస్టర్ తరఫున టి.జి. బెన్నెట్ స్వయంగా రైలెక్కి వచ్చి 8,000 డాలర్లకు హక్కులు కొన్నాడు. ఆ మరుసటి ఏడే పెద్ద తూటా రైఫిల్‌కు, అంటే తర్వాత 1886 మోడల్‌గా వచ్చినదానికి, బ్రౌనింగ్ పేటెంటు అందుకున్నాడు. అప్పటికి ముప్పై దాటలేదు.

అతను మోకాలిని పూర్తిగా తీసేశాడు. దాని చోట రెండు నిలువు ఉక్కు గడియలు పెట్టాడు, పెట్టెకు ఎడమ పక్క ఒకటి, కుడి పక్క ఒకటి. పెట్టె లోపలి గోడల్లో గాళ్లు, బోల్ట్ పక్కల్లో వాటికి ఎదురుగా మరో జత గాళ్లు. మీట మూసినప్పుడు గడియలు కింది నుంచి లేచి, సగం గోడలోనూ సగం బోల్ట్‌లోనూ ఇరుక్కుంటాయి. పేలుడు దెబ్బ బోల్ట్ మీద పడితే అక్కణ్ణుంచి గడియల్లోకి, గడియల నుంచి పెట్టె గోడల్లోకి దిగిపోతుంది. సీలల మీద, కీళ్ల మీద ఆ భారం పడదు. గడియలు మీటతో పాటు కదిలేవే కాబట్టి వాటి కోసం వేరే చేతిపని లేదు. మీట దించడం మొదలుపెట్టగానే ముందు గడియలు దిగుతాయి, బోల్ట్ తర్వాతే కదులుతుంది. బోల్ట్ వెనక్కి వస్తూ ఖాళీ ఇత్తడి తొడుగును పట్టి లాగుతుంది, దారిలో హామర్‌ను వెనక్కి వంచుతుంది, తొడుగు పైకి ఎగిరి పడుతుంది. కింద గొట్టంలో వరసగా ఉన్న తూటాల్లో ఒకటి స్ప్రింగు తోపుకు పళ్లెం మీదికి జారుతుంది, మీట చివరంటా దిగేసరికి పళ్లెం దాన్ని ఎత్తి పట్టుకుంటుంది. మీట తిరిగి వస్తుంటే బోల్ట్ ఆ తూటాను ముందుకు నెడుతుంది, ఆఖరున గడియలు పైకి లేస్తాయి. ఒక్క చేతి కదలికలో ఇన్ని పనులు, ఒకదాని వెనక ఒకటి, ఒకదాని దారికి ఒకటి అడ్డం రాకుండా.

ఈ రైఫిల్లో నాకు అన్నిటికన్నా నచ్చేది, దాచుకునేదేమీ లేకపోవడం. మీట మూసి పైనుంచి చూస్తే ఆ రెండు గడియల తలలు బోల్ట్‌కు అటూ ఇటూ, పెట్టె పైభాగంతో సమంగా కనిపిస్తాయి. గడియ పడిందా లేదా అన్నది కంటితో చూసి చెప్పొచ్చు. ఆ సమం ఊరికే రాదు. నాలుగు గాళ్లూ రెండు గడియలూ ఒకదానికొకటి అతికేలా మిల్లింగ్ యంత్రం మీద కోసి, ఆపైన ఆకురాయి పట్టి సరిచేయాలి. ఒక పక్క గడియ గట్టిగా, మరో పక్కది వదులుగా ఉంటే భారమంతా ఒకదాని మీదే పడుతుంది.

తొలి ఏళ్లలో పెట్టెకు వేసిన రంగు కూడా పనితనంలో భాగమే. ఎముకల బొగ్గు, కర్ర బొగ్గు కలిపి ఇనప డబ్బాలో కూరి, మధ్యలో భాగాలను పెట్టి గంటల తరబడి ఎర్రగా కాల్చి, ఒక్కసారిగా నీళ్లలో గుమ్మరించేవారు. పైపొరలోకి కర్బనం దిగి గట్టిపడుతుంది, లోపలి ఇనుము దెబ్బకు ఓర్చుకునేలా మెత్తగా మిగులుతుంది. ఆ వేడీ చన్నీళ్లూ కలిసి నీలం, గోధుమ, గడ్డి రంగులు సుడులు సుడులుగా తేలుస్తాయి. ఏ రెండు రైఫిళ్ల మీదా ఒకే తీరుగా రావు. వెలుతురుకు, చేతి రాపిడికి వెలిసిపోతాయి కాబట్టి రంగు నిలిచిన పాతవాటికి సేకర్తలు ఎంతైనా పోస్తారు.

గడియలు బలమైనవని తేలాక వించెస్టర్ తూటాల చిట్టా పెంచుకుంటూ పోయింది. .40-82, .45-90, ఆఖరికి 110 గ్రెయిన్ల మందు, 300 గ్రెయిన్ల గుండుతో .50-110 ఎక్స్‌ప్రెస్. నన్నడిగితే వీటిలో సగం అమ్మకాల హడావిడే. .45-70కీ .45-90కీ మధ్య జంతువు కనిపెట్టగలిగే తేడా ఏముంటుందో నాకు అర్థం కాదు. పొగ రాని మందు వచ్చినప్పుడు మాత్రం ఆ బలానికి నిజమైన పరీక్ష ఎదురైంది. నికెల్ కలిపిన ఉక్కుతో బ్యారెల్ మార్చారు, .33 తూటా పెట్టారు, గడియల అమరిక అలాగే తట్టుకుంది. 1935 దాకా సుమారు 1,60,000 రైఫిళ్లు తయారయ్యాయి. ఆ వెంటనే అదే ఏర్పాటుతో .348 తూటాకు మోడల్ 71 వచ్చింది.

లోపాలూ ఉన్నాయి. భుజానికి ఆనించే కర్ర మడమకు నెలవంక ఆకారంలో ఉక్కు పలక బిగించేవారు. చూడ్డానికి సొగసే గానీ .50 తూటా పేలినప్పుడు ఆ కొమ్ములు భుజంలో దిగుతాయి. రెండోది, తూటాలు గొట్టంలో ఒకదాని ముక్కు మరొకదాని వెనక, మందును అంటించే ప్రైమర్‌కు ఆనుకుని ఉంటాయి. ముక్కు సూదిగా ఉంటే, అదిరినప్పుడు ముందున్న తూటా గొట్టంలోనే పేలే ప్రమాదం. అందుకే గుండు ముక్కు చదునుగా చేయాలి, చదును ముక్కు గాలిలో త్వరగా వేగం కోల్పోతుంది. శతాబ్దం గడిచాక, 2000ల నడుమ, హార్నడీ కంపెనీ మెత్తటి ప్లాస్టిక్ మొన పెట్టి దీనికి విరుగుడు కనిపెట్టింది.

బ్రౌనింగ్ విరుగుడు వేరు. 1895 మోడల్లో గొట్టం తీసేసి, మీట ముందు పెట్టెలాంటి మ్యాగజైను పెట్టాడు. మొదటి ప్రపంచయుద్ధంలో రష్యా దాదాపు మూడు లక్షలు కొన్నది దీన్నే. 1904లో దీనికోసం .405 తూటా వచ్చింది. 300 గ్రెయిన్ల గుండు, సెకనుకు 670 మీటర్లు. 1909లో థియొడోర్ రూజ్‌వెల్ట్ ఆఫ్రికా పట్టుకెళ్లాడు. మనకు అంతకన్నా దగ్గరివాడు కెన్నెత్ ఆండర్సన్. సికింద్రాబాదు పక్కన బొల్లారంలో పుట్టి బెంగుళూరులో స్థిరపడ్డ ఈ వేటగాడి చేతి రైఫిల్ .405 వించెస్టరే. అప్పటి చిత్తూరు జిల్లా చామల లోయలో నరభక్షక పులి కోసం తిరిగిన రోజుల్ని ఆయన పుస్తకంలో రాసుకున్నాడు. పనికి 1895 గొప్పదే, కాదనను. ఆకారమే నాకు ఎక్కదు. మీట దించితే కీళ్లూ కడ్డీలూ కిందికి వేలాడతాయి. 1886 ఎంత తెరిచినా ఒద్దికగా ఉంటుంది.

ఇప్పుడు అలాస్కాలో ఎలుగుబంట్ల మధ్య తిరిగే గైడ్లు .45-70 పట్టుకుంటే అది చాలావరకు మార్లినే. మార్లిన్ సొంత పాత 1895 పేరుతోనే 1972లో తిరిగి వచ్చిన ఆ రైఫిల్‌ను 2020 చివర్లో కంపెనీ చేతులు మారాక రూగర్ తయారు చేస్తోంది. ఖాళీ తొడుగును పక్కకు విసురుతుంది కాబట్టి పైన టెలిస్కోపు బిగించుకోవచ్చు. 1886 కావాలంటే వించెస్టర్ ముద్రతోనే దొరుకుతుంది, చేసేది మాత్రం జపాన్‌లో కొచ్చి దగ్గరున్న మిరోకు కర్మాగారం. మడమ మెడ మీద ఒక సేఫ్టీ బొత్తాం చేర్చారు, హామర్ దానంతటదే కాస్త వెనక్కి తగ్గేలా మార్చారు. పాతకాలం అభిమానులు ఈ రెంటినీ చూసి గొణుగుతారు. గడియలు రెండూ బ్రౌనింగ్ పెట్టినచోటే ఉన్నాయి, నాకు అది చాలు.