నూట ముప్పై రెండు ఎవరివి?

బచ్చన్నపేట మాదిగవాడలో 2017లో ఒక పెద్దాయన మమ్మల్ని అడిగిండు: “పోటీల ఇద్దరూ మనోళ్లేనంట గదా బిడ్డా, మరి మన ఓటు ఎవరికి పడ్డది?” రాష్ట్రపతి ఎన్నికలో ఆయనకు ఓటు లేదు. ఆయన తరఫున జనగామ ఎమ్మెల్యే వేస్తడు. ఆ ఓటు విలువ 132. 1971 జనాభాను 119 స్థానాలకు పంచి, వెయ్యితో భాగించి తేల్చిన అంకె అది. (ఆనాడు లెక్కలోకెక్కిన మా అవ్వలు, తాతల్లో ఎందరు మిగిలిండ్రో!)

2017లో రామ్‌నాథ్ కోవింద్, మీరా కుమార్ తలపడ్డరు. ఇద్దరూ దళితులే. తెలంగాణ రాష్ట్ర సమితి కోవింద్ వైపు నిలిచింది, దళితుడు రాష్ట్రపతి అయితడని చెప్పుకున్నది. మంచిదే. కానీ 2014 ఫిబ్రవరి 18న లోక్‌సభలో తెలంగాణ బిల్లు గట్టెక్కినప్పుడు స్పీకర్ కుర్చీలో ఉన్న దళిత స్త్రీ మీరా కుమారే. అంతకు అయిదు రోజుల ముందు అదే సభలో మిరియాల స్ప్రే కొట్టిన సంగతి ఎవరు మరిచిండ్రు? ఆంధ్రప్రదేశ్‌లోనైతే ఆమెకు ఒక్క ఎమ్మెల్యే ఓటూ రాలేదు. బద్ధశత్రువులైన తెలుగుదేశం, వైఎస్సార్ కాంగ్రెస్ ఒకే వైపు నిలబడ్డయి.

2022లో అభ్యర్థి ద్రౌపది ముర్ము, సంతాల్ ఆదివాసీ. ఈసారి తెరాస ఓట్లు మాజీ ఐఏఎస్ యశ్వంత్ సిన్హాకు. ప్రధాని హైదరాబాద్ వచ్చిన జులై 2నాడే సిన్హాకు బేగంపేటలో స్వాగతం పలికిండ్రు. ఆంధ్రలో మాత్రం రెండు పార్టీలూ మళ్లీ ఢిల్లీ వైపే.

అస్తిత్వమే కారణమైతే 2022లో ఆదివాసీ ఎందుకు కానరాలేదు? బీజేపీని ఎదిరించుడే కారణమైతే 2017లో మీరా కుమార్ చేసిన పాపమేంది? ఒక జవాబు ఇంకోదాన్ని కొట్టేస్తది. ఢిల్లీతో హైదరాబాద్ పొత్తు, పేచీ తప్ప మాకు వేరే లెక్క దొరకలేదు. ముర్ముకే వేయాల్సిందని మేము అనడం లేదు. మన పేరు అవసరమైనప్పుడు తీసి, అక్కర తీరంగనే లోపల పెడుతున్నరని అంటున్నం.

ఇంతకంటే బాధ రిజర్వుడు సభ్యులది. రాష్ట్రంలో 19 ఎస్సీ, 12 ఎస్టీ స్థానాలు. మా పక్కనున్న స్టేషన్ ఘన్‌పూర్ వాటిల్ల ఒకటి. ఈ ఎన్నికలో విప్ చెల్లదు, ఓటు రహస్యం. అయినా 2022లో తెలంగాణ ఎమ్మెల్యేల నుంచి ముర్ముకు వచ్చినవి 3 ఓట్లే. అప్పుడు బీజేపీ ఎమ్మెల్యేలు ముగ్గురు, ముగ్గురూ జనరల్ స్థానాలోళ్లే. ఏ పెట్టెలో వేయమంటే అందులో వేసే స్థితిని 1932 పూనా ఒడంబడిక తర్వాత అంబేద్కర్ ముందే పసిగట్టిండు. సీటు మనది, గెలిపించే ఓట్లు పరాయివి.

2027లో మళ్లీ రాష్ట్రపతి ఎన్నిక ఉన్నది. ఓటు వేసే ముందు వాడకొచ్చి ఎవరికి, ఎందుకు వేస్తున్నరో చెప్పాలని సభ్యులను ఇప్పటినుంచే అడగాలె. పెద్దాయన ప్రశ్నకు మేము ఇంకా బాకీ ఉన్నం.