ప్రజాగరము: భారతమున రెండు రాత్రులు

హైదరాబాదు పాతబస్తీలో రంజాను మాసమున చార్మినారు చెంత రాత్రి యున్నట్లే తోచదు. సహరీ వేళవరకు లాడ్ బజారు దీపములు వెలుగుచునే యుండును. ఆ జనసమ్మర్దమునకు చేరువనే, ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలమున వెలసిన నిజామియా యునానీ వైద్యశాల కలదు. యునానీ వైద్యులు నిద్రలేమిని ‘సహర్’ అందురు. సహరీకి మూలమైన ‘సహర్’ అనగా వేకువ. చెవికి రెండును ఒక్కటే. అరబ్బీ లిపిలో ఒక్క అక్షరము భేదము. అర్థమున నున్న దూరము మాత్రము పెద్దది. తానుగా నిద్రను మానినవాని స్థితి వేరు. నిద్రయే తన్ను మానినవాని స్థితి వేరు. మొదటిదానిని జాగరణమనియు, రెండవదానిని ప్రజాగరమనియు ఈ వ్యాసమున వ్యవహరింతును.

ప్రజాగరమనగానే మనకు స్ఫురించువాడు ఉద్యోగపర్వమందలి ధృతరాష్ట్రుడు. పాండవులకడనుండి మరలివచ్చిన సంజయుడు వారి సందేశమును మఱునాడు సభలో చెప్పెదనని వెడలిపోయెను. రాజునకు నిద్ర దూరమయ్యెను. విదురుని రప్పించి రాత్రియంతయు నీతి వినెను. అయినను, నీ మాటలు వినునపుడు మనసు పాండవులవైపు మరలును గాని దుర్యోధనుని చూడగానే వెనుకకు తిరుగునని తానే యొప్పుకొనెను. ఈ ఘట్టమును విదురనీతికి పీఠికగా మాత్రమే బోధించుట తఱచు. కాని నిద్రలేని మనసునకు నీతి యెంతవరకు ఎక్కునను ప్రశ్నయు ఇందు గలదు.

ఆ ప్రశ్నకు సమాధానము సౌప్తికపర్వమున లభించును. మఱ్ఱిచెట్టుక్రింద కృపుడును కృతవర్మయు నిద్రించిరి. అశ్వత్థామ శోకక్రోధములచే మేలుకొనియే యుండి, గూబ కాకులను చంపుట చూచి సుప్తసంహారమును సంకల్పించెను. అప్పుడు కృపుడు ధర్మమును చెప్పుటతో ఆగలేదు. ఈ రాత్రి నిద్రింపుము, రేపు యుద్ధము చేయుదమనెను. దుఃఖితునకు, కుపితునకు నిద్ర యెక్కడిదని అశ్వత్థామ బదులు పలికెను. విదురుడు నిద్రలేనివానికి ఉపదేశమిచ్చెను. కృపుడు నిద్రనే ఉపదేశించెను. నా దృష్టిలో రోగమెరిగినవాడు కృపుడే.

మనసు కుదుటపడిన నిద్ర దానంతట వచ్చునని సామాన్యముగ తలతుము. యునానీ శాస్త్రము అట్లు తలపలేదు. ఆరోగ్యమునకు ఆవశ్యకములైన ఆరు హేతువులలో మనోవ్యాపారమును ఒకటిగను, నిద్రాజాగరములను వేఱొకటిగను లెక్కించినది. చరకుడును సుఖదుఃఖములను నిద్రాధీనములుగా చెప్పెను. నేటి పరిశోధనయు ఇట్లే సాగుచున్నది. 2017లో ప్రకటింపబడిన యొక పరిశీలనలో బ్రిటనునందలి 26 విశ్వవిద్యాలయములకు చెందిన 3,755 మంది విద్యార్థులు పాల్గొనిరి. నిద్రలేమికి మాత్రమే మానసిక చికిత్స నొసగినంతనే, నిద్రతోపాటు అకారణ శంకలును భ్రాంతులును కొంత తగ్గినవి. నిద్రలేమి మనోవ్యాధికి చిహ్నము మాత్రమే కాదు, కారణములలో నొకటి యనుటకు ఇది నిదర్శనము.

ఇందుకొక ఆక్షేపణ కలదు. నిద్రించి లేచిన కృపుడును ఆ రాత్రి శిబిరద్వారమున కాపు నిలిచి, పారిపోవువారిని చంపెను గదా! నిజమే. నిద్ర ధర్మమును కలిగింపదు. నిద్రలేమి పాపమును మాపదు. అశ్వత్థామను రోగిగా చూపి నిర్దోషిని చేయుట నా యుద్దేశము కాదు. నిద్ర యీయగలది యింతే: నిర్ణయమును తెల్లవారువరకు ఆపగల యవకాశము. కృపుడు కోరినదియు ఆ గడువే.

తిక్కన తెనిగించిన యీ రెండు పర్వములను మనము వేర్వేఱు తరగతులలో బోధించుచున్నాము. రెండు రాత్రులను ప్రక్కప్రక్కన నుంచి చదివింపవలెను. మన యెదుట కూర్చున్నవారిలో పరీక్షలకై జాగరణము చేసినవాడును ఉండును, వారములుగా నిద్రపట్టనివాడును ఉండును. కన్నులెఱ్ఱనగుట యిద్దరికిని సమానమే. రెండవవానిని గుర్తించి, నీతి చెప్పుటకు ముందు నిద్రపట్టుచున్నదా యని యడిగి, వైద్యుని చెంతకు పంపగలిగిన నాడు మనము సౌప్తికపర్వమును చదివినవారమగుదుము.