బొమ్మ చూడటం వస్తే టారో వచ్చినట్టే

టారో నేర్చుకుందామని పేక కొన్నవాళ్లలో చాలామంది మొదట చేసే పని, పెట్టెలో దానితోపాటు వచ్చిన చిన్న పుస్తకం తెరిచి అర్థాలు బట్టీ పట్టడం. ముక్కలు 78. నిలువుగా వస్తే ఒక అర్థం, తలకిందులుగా వస్తే ఇంకో అర్థం. అంటే 156 అర్థాలు. వారం తిరగకుండానే పేక బీరువాలోకి పోతుంది. అది వాళ్ల తప్పు కాదు, బట్టీకి లొంగే విద్య కాదిది. బొమ్మను చూడటం, చూసింది చూసినట్టు చెప్పడం ఇందులో మొదట పట్టుబడాలి. అర్థాలు ఆ వెనకాలే వస్తాయి.

ఈ మాట ఎందుకంటున్నానో తెలియాలంటే కాస్త చరిత్ర కావాలి. టారో పుట్టింది జోస్యానికి కాదు, పేకాటకి. ఈజిప్టు మమ్లూకుల దగ్గర్నుంచి యూరప్ చేరిన నాలుగు రకాల పేకకి, 1440ల ప్రాంతంలో ఉత్తర ఇటలీ ప్రభువుల కొలువుల్లో మరో 22 బొమ్మల ముక్కలు కలిపారు. ఫూల్ అనే ఒక్క ముక్క తప్ప మిగతావన్నీ తురుపు ముక్కలే. మిలాన్ ప్రభువుల కోసం బంగారు రేకు అద్ది చేత్తో గీసిన ముక్కలు ఇప్పుడు న్యూయార్క్ మోర్గన్ లైబ్రరీలోనూ, ఇటలీలోని బెర్గామోలోనూ ఉన్నాయి. సుమారు మూడు శతాబ్దాలు దీన్ని ప్రధానంగా ఆడుకున్నారు. ఫ్రాన్సులో ఇప్పటికీ ఆడుకుంటున్నారు.

1781లో కూర్ ద జెబెలాఁ అనే ఫ్రెంచి పండితుడు ఇది పేకాట కాదు, ప్రాచీన ఈజిప్టు పూజారుల జ్ఞానగ్రంథమని రాసేశాడు. అప్పటికి ఈజిప్టు చిత్రలిపి చదవగలిగినవాడు భూమ్మీద ఒక్కడూ లేడు. షాంపోలియన్ దాని గుట్టు విప్పింది 1822లో. అయినా ఆ కథ అతుక్కుపోయింది. నాలుగేళ్లు తిరక్కుండానే ప్యారిస్‌లో ఎత్తేయా అనే పేరుతో చలామణీ అయిన అలియెత్, టారోతో జోస్యం ఎలా చెప్పాలో పుస్తకం అచ్చువేశాడు. ‘అనాది విద్య’ అని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోవచ్చు. ఆ మాట వదిలేసినంత మాత్రాన విద్య విలువ తగ్గదు.

ఇవాళ కొత్తవాళ్ల చేతికొచ్చే పేకల్లో ఎక్కువభాగం 1909లో లండన్‌లో రైడర్ సంస్థ అచ్చువేసినదానికి పిల్లలూ మనవలే. దాన్ని తలపెట్టింది ఎ. ఇ. వెయిట్, బొమ్మలన్నీ గీసింది పమేలా కోల్మన్ స్మిత్. పేకకి మాత్రం చాలాకాలం ప్రచురణకర్తదీ వెయిట్‌దీ పేర్లే మిగిలాయి. ఆమెకి ముట్టింది స్వల్పమే. 1951లో కార్న్‌వాల్‌లో అప్పులతోనే కన్నుమూసింది. ఆమె చేసిన పని చూడండి. అంతకుముందు వాడుకలో ఉన్న పేకల్లో కప్పుల అయిదంటే అయిదు కప్పులు, అంతే. ఆమె దాదాపు ప్రతి అంకె ముక్కలోనూ మనుషుల్ని నిలబెట్టింది. నాటకశాలలో పనిచేసిన మనిషి కావడం వల్ల, ఎవరు ఎటు తిరిగి నిలబడ్డారు, చేతిలో ఏముంది, వెనక తెరమీద ఏముంది అన్నవాటితోనే కథ చెప్పగలిగింది. చదవడం మొదలుపెట్టేవాళ్లు పట్టుకోవాల్సిందీ వాటినే.

పేక అమరిక మనకి కొత్తేమీ కాదు. ఇస్పేటు, ఆఠీను, డైమను, కళావరు ఉన్నట్టే ఇక్కడ కత్తులు, కప్పులు, నాణేలు, కర్రలు. రమ్మీ పేకలో ఒక్కో రకంలో 13 ముక్కలుంటే ఇక్కడ 14. రాజు, రాణి కాక గుర్రపు రౌతు, కుర్ర సేవకుడు కూడా ఉంటారు. ఈ 56నీ మైనర్ ఆర్కానా అంటారు, పాత తురుపు బొమ్మలు 22నీ మేజర్ ఆర్కానా అంటారు. కప్పులు మనసుకి, కత్తులు ఆలోచనకీ తగాదాకీ, నాణేలు డబ్బుకీ ఒంటికీ పనికీ, కర్రలు పట్టుదలకి. ఆసు మొదలు, పది ముగింపు, నడుమ అయిదు దగ్గర సాధారణంగా ఓ ఇబ్బంది. ఈ కాస్తా గుర్తుంటే 40 అంకె ముక్కలు దాదాపు దారికొస్తాయి. రాజులు, రాణులే కొత్తవాళ్లని ఏడిపిస్తారు. ఆ ముక్క అడిగినవాళ్ల స్వభావమా, ఎదుటి మనిషా అన్నది తేల్చుకోవడం అనుభవజ్ఞులకీ కష్టమే. మొదట్లో తలకిందుల అర్థాలు పక్కన పెట్టేయండి, కొంపలేం మునగవు.

ఇప్పుడొక మూడు ముక్కల వరస చూద్దాం. ‘ఉద్యోగం మారతానా?’ అని ఎవరో అడిగారనుకోండి. అలాంటి ప్రశ్నకి ముక్కలు తీయకూడదు. అవుననో కాదనో చెప్పే శక్తి అట్టముక్కలకి లేదు. ప్రశ్నను కాస్త తిప్పి, ‘ఈ ఉద్యోగంలో నన్ను కట్టిపడేస్తున్నదేమిటి?’ అని అడగమనండి. పేక కలిపి, వాళ్లచేత కోయించి, పైనుంచి మూడు తీసి ఎడమనుంచి కుడికి పరచండి. నాణేల ఎనిమిది, కప్పుల అయిదు, కత్తుల ఆరు వచ్చాయి.

మొదటిదాంట్లో ఒక యువకుడు బల్లమీద కూర్చుని సుత్తీ ఉలీ పట్టుకుని నాణెం చెక్కుతున్నాడు. చెక్కినవి వరసగా వేలాడదీసి ఉన్నాయి. ఊరు ఎక్కడో వెనక కనిపిస్తోంది, అతనికి దాని ధ్యాసే లేదు. నడిమి ముక్కలో నల్లటి అంగీ కప్పుకున్న మనిషి తలవంచుకుని ఎడమపక్క ఒలికిపోయిన మూడు కప్పుల్ని చూస్తున్నాడు. వెనక, కుడిపక్క రెండు కప్పులు నిలిచే ఉన్నాయి. దూరంగా ఏరు, దానిమీద వంతెన. మూడోదాంట్లో పడవ. నడిపేవాడు వెనక నిలబడి గడ వేస్తున్నాడు, శాలువా కప్పుకున్న ఆవిడా ఒక పిల్లా మనకి వీపు పెట్టి కూర్చున్నారు. పడవలో ఆరు కత్తులు గుచ్చి ఉన్నాయి. ఒకవైపు నీళ్లు అలలు, మరోవైపు నిలకడ.

మూడింటినీ ఒక్కచూపులో చూడండి. నడిమి మనిషి ఎటు చూస్తున్నాడు? ఎడమకి, అంటే పని బల్లవైపు. అతను చూడని రెండు కప్పులు ఎటున్నాయి? పడవవైపు. నేర్చుకున్న పని మీద మమకారమా, ఆ పనిలో దక్కకుండా పోయిన గుర్తింపు మీద బాధా? ఇది ముక్కలు చదివే రీడరు చెప్పక్కర్లేదు, అడిగితే చాలు. పడవ ఎక్కినా కత్తులు వెంటే వస్తున్నాయన్నది కూడా చూపించాలి. చోటు మారితే అన్నీ సర్దుకుంటాయని బొమ్మ అనడం లేదు. ఆపైన మాట్లాడాల్సింది ఎదుటివాళ్లే. టారో విలువ నాకు కనిపించేది సరిగ్గా ఇక్కడే. మనసులో ఒకే దారిలో గిరగిరా తిరుగుతున్న సంగతిని బల్లమీద పరిచి, పక్కనుంచి చూడనిస్తుంది.

బొమ్మని వదిలేసి ఎవరికైనా అతికే మాటలు చెబితే ఏమవుతుందో 1948లో బెర్ట్రమ్ ఫోరర్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త తేల్చాడు. తన విద్యార్థులందరికీ ఒకే వర్ణన రాసిచ్చి, అది ఎవరికివారికి విడిగా రాసినట్టు నమ్మించాడు. ఎంత సరిపోయిందో మార్కులు వేయమంటే సగటున అయిదుకి 4.26 వేశారు. ‘మీరు పైకి గట్టిగా ఉంటారు గానీ లోపల మెత్తన’ లాంటి మాట ఎవరికైనా అతుకుతుంది. యూట్యూబులో లక్షలమందికి కలిపి ఒక ముక్క తీసేవాళ్ల సరుకంతా అదే. మీరు చెప్పే ప్రతి మాటకీ, ‘బొమ్మలో ఎక్కడుంది?’ అంటే వేలు పెట్టి చూపగలగాలి.

డెత్ ముక్క వస్తే గుండె జారేవాళ్లున్నారు. దాన్నీ ఇలాగే చూడండి. తెల్లగుర్రమ్మీద అస్థిపంజరం, కింద పడ్డ రాజు, మోకరిల్లిన పిల్ల. కానీ దూరంగా రెండు బురుజుల మధ్య సూర్యుడున్నాడు. ముగిసిపోయిన ఒక అధ్యాయం గురించి మాట్లాడటానికే చాలామంది రీడర్లు దీన్ని వాడతారు, ప్రాణగండానికి కాదు. ఆరోగ్యం, కోర్టు వ్యవహారం, కడుపులో బిడ్డ లాంటి ప్రశ్నలకి ముక్కలు తీయనని ముందే చెప్పడం మంచి రీడరు లక్షణం. దోషం పట్టింది, పరిహారానికి ఇంత పంపమన్న రీడరు దగ్గర్నుంచి లేచి వచ్చేయండి.

సాధన విషయానికొస్తే, రోజుకి ఒక్క ముక్క చాలు. పొద్దున తీసి, పుస్తకం తెరవకుండా బొమ్మలో కనిపించింది నాలుగు వాక్యాలు రాయండి. రాత్రి ఆ రోజు జరిగింది కింద రాయండి, కుదరకపోతే కుదరలేదనే రాయండి. పదిముక్కలు పరిచే సెల్టిక్ క్రాస్‌ కోసం తొందరపడొద్దు, మూడింటిని కలిపి చూడటం రానివాళ్లకి పది ముక్కలు పదిరెట్లు గందరగోళం. రైడర్ పేక చేతికి అలవాటయ్యాక నికోలా కోన్‌వేర్ అచ్చువేసిన మార్సేయ్ పేక నకలు ఒకటి తెప్పించుకోండి. అందులో కప్పుల అయిదుకి నల్ల అంగీ మనిషి లేడు, వంతెన లేదు, కప్పులూ తీగలే. అక్కడ అంకెతో, రకంతో, పక్క ముక్కతోనే నెట్టుకురావాలి.