కాదనడంలో పనితనం

విశాఖ ద్వారకా నగర్‌లో కోచింగ్ బోర్డుల కింద లినక్స్ నేర్చుకునే కుర్రాళ్లకు ఏదో ఒకరోజు తగిలే దెబ్బ ఇది. సొంతంగా కెర్నెల్ కట్టారు, బూటయింది. వైఫై మాత్రం రాదు. డ్రైవర్ మాడ్యూల్‌ను ఎక్కించడానికి మోడ్‌ప్రోబ్ కొడితే ‘ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్’ అంటుంది. ఫైలు పాడైందనుకుని మళ్లీ కంపైల్ చేస్తూ కూర్చుంటారు. అసలు సంగతి కెర్నెల్ సందేశాలు చూపే డీమెసెజ్‌లో ఉంటుంది: మాడ్యూల్‌లో రాసి ఉన్న గుర్తు ఇదీ, ఉండవలసింది ఇదీ అని రెండూ పక్కపక్కనే చూపిస్తుంది. ఎందుకు పొమ్మంటోందో ఇంత విప్పి చెప్పే ప్రోగ్రాములు తక్కువ.

ఆ గుర్తు పేరు వర్‌మ్యాజిక్. కెర్నెల్ వెర్షన్, ఎస్ఎంపీ ఉందా, ప్రీఎంప్ట్ ఉందా లాంటి ముక్కలన్నీ ఒక్క వరుసలో ఉంటాయి. కాన్ఫిగ్‌లో ఒక ఆప్షన్ మారితే లోపలి స్ట్రక్చర్ల కొలత మారవచ్చు. ఫీల్డు నాలుగు బైట్లు పక్కకు జరిగినా చాలు, డ్రైవర్ పాత చోటనే రాసి ఇంకొకరి డేటాను చెరిపేస్తుంది. ఉక్కునగరం వాళ్లకు వేరే చెప్పాలా? చూపుకి ఒకే సైజు బోల్టులైనా మరచుట్లు వేరైతే, బలవంతంగా బిగించినప్పుడు నట్టే పోతుంది.

దీనికంటే లోతైన తనిఖీ మాడ్‌వెర్షన్స్. కెర్నెల్ బయటికిచ్చే ప్రతి ఫంక్షన్‌కూ అది వాడే టైపులన్నీ విప్పి, వాటి నుంచి 32 బిట్ల సీఆర్‌సీ అంకె తీస్తారు. 2.4 కాలంలో ఆ అంకెను సింబల్ పేరుకే తోకలా అతికించేవారు. చూడ్డానికి వికారంగా ఉండేది. 2002లో రస్టీ రసెల్ మాడ్యూల్ లోడర్‌ను తిరగరాశాక, 2.6 నాటికి ఆ అంకెలు వేరే పట్టికలోకి వెళ్లాయి. నాకు బాగా నచ్చింది ఇంకొకటి. మాడ్యూల్‌లో ఈ పట్టిక ఉంటే, కెర్నెల్ వర్‌మ్యాజిక్‌లోని మొదటి మాటను, అంటే వెర్షన్ నంబరును, పట్టించుకోదు. మిగతా ముక్కలనే పోలుస్తుంది. నంబరు మారినా టైపులు మారకపోతే రానిస్తుంది. ఎక్కడ పట్టుబట్టాలో, ఎక్కడ విడవాలో తెలిసిన చెయ్యి ఇది.

లోటు లేకపోలేదు. మాడ్‌వెర్షన్స్ ఆపేసి, వెర్షన్ పేరు మార్చకుండా కాన్ఫిగ్ మాత్రం మారిస్తే వర్‌మ్యాజిక్ మోసపోవచ్చు. అప్పుడు లోపలికొచ్చిన పాత మాడ్యూల్ కెర్నెల్‌ను ఎప్పుడు కూలుస్తుందో చెప్పలేం. బలవంతంగా ఎక్కించే ఆప్షన్ మోడ్‌ప్రోబ్‌లో ఉంది. వాడితే కెర్నెల్ తన మీద ‘ఎఫ్’ ముద్ర వేసుకుంటుంది, రీబూట్ చేసేదాకా అది చెరగదు. నా లెక్కలో ఆ ముద్ర కూడా మంచి పనితనమే.

కెర్నెల్ కట్టబోయే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ముందుగా కాన్ఫిగ్‌లోని లోకల్‌వెర్షన్‌లో మీదైన తోక ఒకటి తగిలించండి. మాడ్యూళ్ల డైరెక్టరీ వేరవుతుంది. మాడ్యూల్స్ ఇన్‌స్టాల్ మరవకండి. పనిచేస్తున్న పాత కెర్నెల్‌ను బూట్ మెనూలోంచి తీసేయకండి.