ఆనర్సు సిద్ధాంతవ్యాసము: విషయపరిమితి

విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘము 2022 డిసెంబరులో వెలువరించిన ప్రణాళిక ననుసరించి, నాలుగేండ్ల బి.ఏ. చదువు విద్యార్థి మొదటి ఆఱు సెమిస్టర్లలో నూటికి 75 మార్కులు పొందినచో, నాల్గవ యేట 12 క్రెడిట్ల సిద్ధాంతవ్యాసమును రచించి, పరిశోధనతో గూడిన ఆనర్సు పట్టమును గ్రహింపవచ్చును. మన తెలుగు శాఖలలో ఎం.ఫిల్., పిహెచ్.డి. విద్యార్థులు చేయుచు వచ్చిన పని యిప్పుడు ఇరువదియొక్క యేండ్ల ప్రాయమువారికి సంక్రమించినది. దానితోపాటు ఆ పట్టములకు మనము వాడుకచేసికొన్న శీర్షికలును సంక్రమించు సూచనలు కలవు. ఒక కవి "జీవితము – రచనలు", ఒక రచయిత్రి నవలల "సమగ్రపరిశీలనము", ఒక ప్రబంధమునందలి "సమాజచిత్రణము" – ఇవియే ఆనర్సు విద్యార్థికిని ఈయబడినచో ఫలమేమగును? దీనిని విచారించుటకై, ఇట్టి వ్యాసములు చిరకాలముగా వ్రాయబడుచున్న అమెరికా దేశమునుండి, వేఱువేఱు శాస్త్రములకు చెందిన నాలుగు వ్యాసములను మేము తీసికొనుచున్నాము. నాలుగింటి రచయితలును తరువాతి కాలమున జగత్ప్రసిద్ధులైరి. ఆ ప్రసిద్ధి వ్యాసములకు కొలబద్ద కారాదని ముందే మనవిచేయుదుము.

ఆ దేశమున ఆనర్సు విద్యకు విశేషముగా పేరు తెచ్చినది పెన్సిల్వేనియాలోని స్వార్త్‌మోర్ కళాశాల. రోడ్స్ విద్యార్థిగా ఆక్స్‌ఫర్డున చదివి వచ్చిన ఫ్రాంక్ ఏడెలాట్ ఆ కళాశాలకు అధ్యక్షుడై, 1922లో ఆ పద్ధతిని నెలకొల్పెను. తరగతి ఉపన్యాసములకు మాఱుగా చిన్నచిన్న గోష్ఠులును, బోధించిన గురువు కాక బయటినుండి వచ్చు పరీక్షకులును దాని ముఖ్యలక్షణములు. ప్రిన్‌స్టన్, హార్వర్డు వంటి చోట్ల సిద్ధాంతవ్యాసమునకు ప్రాధాన్యము హెచ్చినది.

మొదట భౌతికశాస్త్రము. రిచర్డ్ ఫైన్‌మన్ 1939లో మాసచూసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో, జాన్ స్లేటర్ పర్యవేక్షణమున, అణువులలోని బలములను గూర్చి వ్యాసము వ్రాసెను. అణువులో ఒక కేంద్రకముపై పనిచేయు బలమును కనుగొనుటకు, కేంద్రకముల స్థానమును కొంచెము కొంచెముగా మార్చుచు ప్రతిసారియు శక్తిని గణించి, ఆ శక్తిలోని మార్పునుండి బలమును రాబట్టుట అప్పటి పరిపాటి. అంత శ్రమ అక్కఱలేదనియు, ఎలక్ట్రానుల విద్యుదావేశము ఎట్లు పరచుకొనియున్నదో తెలిసినచో, స్థిరవిద్యుచ్ఛాస్త్రమున అందఱెఱిగిన పద్ధతిచేతనే బలమును నేరుగా లెక్కింపవచ్చుననియు ఆ వ్యాసము నిరూపించెను. సంక్షిప్తరూపమున నది అదే సంవత్సరము "ఫిజికల్ రివ్యూ" పత్రికలో ప్రకటితమయ్యెను. ఈ సూత్రమునే జర్మనుడగు హెల్మన్ 1937లో తన గ్రంథమున చెప్పియుండుటచే, ఇద్దఱి పేరులతోను అది నేడు వ్యవహరింపబడుచున్నది. ముప్పది పుటలకు మించి పెద్దగా విస్తరింపని వ్యాసమిది. ఒకే ప్రశ్న అడిగినది. దానికి సమాధానము చెప్పి ముగిసినది. "ఆధునిక భౌతికశాస్త్రము – సమగ్రపరిశీలనము" అని స్లేటర్ ఆ విద్యార్థికి శీర్షిక నిచ్చియుండినచో ఏమి జరిగెడిదో పాఠకులే యూహింతురు గాక.

దీనికి సరిగా ఎదురుకొసన నున్నది హెన్రీ కిసింజర్ 1950లో హార్వర్డునకు సమర్పించిన వ్యాసము. చరిత్రకు అర్థమేమి అనునది దాని ప్రశ్న. స్పెంగ్లర్, టాయిన్‌బీ, కాంట్ అను మువ్వురు దాని యాధారములు. పుటలు 380కి పైబడినవి. దాని తరువాతనే హార్వర్డువారు ఆనర్సు వ్యాసములకు పరిమాణనియమమును విధించిరని ఒక కథ ప్రచారములో నున్నది. కథ నిజమైనను కాకున్నను, పుట్టుటకు మాత్రము తగిన కారణము కలదు. ఆ వ్యాసమునకు ఉత్తమశ్రేణి లభించినమాట వాస్తవమే. కాని కాంట్ నొక్కని సాధించుటకే జీవితకాలమును వెచ్చించిన పండితులు కలరు. మువ్వురిని ఒక్కయేట సమన్వయింపబూనిన వ్యాసము రచయిత యుత్సాహమునకు సాక్ష్యమగును గాని, ఆ మువ్వురిలో నెవ్వరిని గూర్చియు తీర్పు కాజాలదని మా యభిప్రాయము.

విషయము పెద్దదైనంతమాత్రమున వ్యాసము చెడవలెనను నియమమును లేదు. తత్త్వశాస్త్రజ్ఞుడు జాన్ రాల్స్ 1942లో ప్రిన్‌స్టనున పాపమును, విశ్వాసమును గూర్చి వ్రాసెను. ఇంతకంటె విశాలమైన విషయము దొరకుట కష్టము. ఐనను ఆ వ్యాసము లోనికి పోవుటకు ఒకే ద్వారము నెన్నుకొన్నది: మనిషికిని వస్తువునకును గల సంబంధము వేఱు, మనిషికిని మనిషికిని గల సంబంధము వేఱు. ఈ భేదమును పాటింపక ప్లేటో, అగస్టీను మొదలగువారు భగవంతుని సైతము కోరదగిన వస్తువువలె భావించిరని దాని యాక్షేపణము. ఆక్షేపణము న్యాయమైనదా కాదా అని నేటికిని వాదింపవచ్చును. వాదించుటకు వీలైన ప్రతిపాదన మొకటి యుండుటయే దాని గుణము. రాల్స్ 2002లో మరణించెను. వ్యాసము 2009లో గ్రంథముగా అచ్చుపడెను. 1971 నాటి "ఎ థియరీ ఆఫ్ జస్టిస్" గ్రంథమునకు బీజములను అందు వెదకుట పలువురకు పరిపాటియైనది. చెట్టును చూచిన పిదప విత్తనమును పొగడుట సులభము. ఆ వ్యాసమును చదివి శ్రేణి నిచ్చిన 1942 నాటి పరీక్షకులకు ఆ చెట్టు కనబడలేదు. మన పరీక్షకులకును కనబడదు.

మన శాఖకు మిక్కిలి దగ్గఱిది నాల్గవది. నోమ్ చామ్‌స్కీ 1949లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమునకు సమర్పించిన వ్యాసము ఆధునిక హీబ్రూ భాషలోని సంధివంటి ధ్వనికార్యములను గూర్చినది. గురువు జెలిగ్ హారిస్. తండ్రి విలియం చామ్‌స్కీ హీబ్రూ పండితుడు, ఆ భాష ప్రాచీన వ్యాకరణమును పరిష్కరించినవాడు. అనగా విద్యార్థి తన యింట పెరిగిన విషయమునే యెన్నుకొనెను. దీనిని పెంచి 1951లో ఎం.ఏ. పట్టమునకు సమర్పించెను, ఆ రూపము 1979లో అచ్చుపడెను. సూత్రములను పేర్కొనుట మాత్రము చాలదనియు, ఏది ముందు, ఏది పిదప ప్రవర్తించునో నిర్ణయించినగాని వర్ణనకు లాఘవము సిద్ధింపదనియు అందలి ముఖ్యభావము.

సూత్రక్రమము, లాఘవము అను మాటలు వ్యాకరణము చదివిన మన విద్యార్థికి కొత్తవి కావు. "వచ్చెను + తమ్ముడు" అనుచోట ద్రుతము మీది తకారము సరళమై "వచ్చెను దమ్ముడు" అగును. ఆ సరళమును చూచుకొని ద్రుతము వికల్పముగా బిందువై "వచ్చెఁ దమ్ముడు" అగును. రెండవ కార్యము మొదటిదానిపై నాధారపడినది. క్రమము తాఱుమాఱైనచో ఈ రూపము సిద్ధింపదు. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణమున రెండవ కార్యమును ఆదేశముగా వచ్చిన సరళమునకే కట్టి, ఆ క్రమమును సూత్రమునందే యిమిడ్చెను. ఇట్టిదానిని ఆనర్సు తరగతిలో కంఠస్థము చేయించి, వ్యాసమునకు వచ్చునప్పటికి నవలలలో సమాజచిత్రణమును చూపుమనుట మాకు వింతగా దోచును.

చిన్న విషయములవలన విద్యార్థి లెక్కలు వ్రాయు గుమాస్తా యగునని కొందఱి శంక. లెక్క దేనిని తేల్చుటకో తెలియనప్పుడు ఆ శంక నిజమే. సూరి తన వ్యాకరణమునకు ఐదేండ్ల ముందు, 1853లో, నీతిచంద్రికను ప్రకటించెను. అందు ఆదేశసరళమునకు ముందు ద్రుతమును ఎన్నిచోట్ల నిలిపెను, ఎన్నిచోట్ల బిందువు చేసెను? ఆ యెంపికకు వాక్యవిరామమా, శ్రుతిసౌఖ్యమా, ఏది కారణము? వ్యాకర్త వికల్పమనినది అతని రచనలో నిజముగా వికల్పమేనా? ఈ లెక్క తేలినచో సూరి సూత్రముపై ఒక తీర్పు చెప్పవచ్చును. ఒక యేడు దీనికి చాలును.

వ్యాకరణమున అభిరుచి లేనివానికి వేఱు త్రోవ కలదు. ఆంధ్ర విశ్వవిద్యాలయమున తెలుగు ఆనర్సు చదివి, చామ్‌స్కీ చదివిన పెన్సిల్వేనియాలోనే 1957లో డాక్టరేటు పొందిన భద్రిరాజు కృష్ణమూర్తి గారు మాండలిక వృత్తిపదకోశమున వ్యవసాయపదముల సంపుటమును 1962లోను, చేనేతపదముల సంపుటమును 1971లోను వెలయించిరి. ఆ చేనేత సంపుటమును చేతబట్టుకొని, ఒక విద్యార్థి తన యూరి మగ్గములయొద్దకు పోయి, అందలి పదములలో నేటికిని ఏవి నిలిచినవో, ఏవి వినబడవో, మరమగ్గము వచ్చినపుడు ఏ కొత్తమాటలు వచ్చిచేరినవో వ్రాసికొని రావచ్చును. తండ్రి నేతగాడైన విద్యార్థికి ఇది హీబ్రూ పండితుని కుమారునకు హీబ్రూ వంటిది. పని చేయు ముసలివారు ఉన్నప్పుడే ఇది సాధ్యము.

పెద్ద శీర్షికలు ఏల నిలిచియున్నవో కూడ చెప్పవలసియున్నది. అవి గురువునకు శ్రమ తగ్గించును. "సమగ్రపరిశీలనము" నకు పర్యవేక్షకుడు కొత్తగా చదువవలసినది లేదు. పరీక్షకుడు తప్పు పట్టవలసినదియు లేదు. నీతిచంద్రికలోని ద్రుతములను లెక్కించిన విద్యార్థి వచ్చినపుడు మాత్రము గురువు ఆ పుటలను తిరిగి తెఱవవలెను. అరసున్నలను విడిచిన తరువాతి ముద్రణములను త్రోసి, తొలి ముద్రణమును సంపాదించి యీయవలెను. ఇందులకు శాఖాగ్రంథాలయమున నున్న ప్రతుల పట్టిక యొకటి, ఆనర్సు విద్యార్థులు నాల్గవ యేట అడుగుపెట్టకమునుపే, సిద్ధము కావలసియున్నది.