వాడుక చీనా మాటలు – ఒక పాత కొరియా వాచకము

తెలుగునాటి ఎల్లలు దాటి స్థిరపడిన మనకు పరభాష చాలవఱకు బడిలో అబ్బినది కాదు. హోసూరు సంతలో అరవమును, బరంపురపు వీధులలో ఒడియాను, షోలాపురపు మగ్గముల నడుమ మరాఠీని మన పెద్దలు బేరమాడుచు, బాకీలు వసూలు చేయుచు, పొరుగింటి పెండ్లిలో వడ్డన చేయుచు నేర్చిరి. కావున వాడుక మాటలు నేర్పెదమని చెప్పు పుస్తకమేదైనను చేతికి వచ్చినప్పుడు, దాని గుణదోషములు విచారించుటకు మనకు కొంత యోగ్యత కలదని నా తలంపు.

ఈ శతాబ్దమున తెలుగు కుటుంబముల పిల్లలు పలువురు వైద్యవిద్యకై చీనా దేశమునకు పోయిరి. పాఠములు ఇంగ్లీషులో జరిగినను రోగి ఇంగ్లీషులో మూలుగడు. అట్టి విద్యార్థులు వెంట గొనిపోవు చిన్న పుస్తకములను కొన్నింటిని తిరుగవేసితిని. పలుకరింపులకు ఒక పుట, అంకెలకు ఒక పుట, పిమ్మట పండ్లు, రంగులు, వారముల పేర్లు. ఒకవైపు రోమను లిపిలో చీనా మాట, రెండవవైపు ఇంగ్లీషు అర్థము. పండ్ల పేర్లు ఇరువది దొరకును గాని, నొప్పి ఎప్పటినుండి యని అడుగుటకు వలయు మాట దొరకదు. ఇవి మాటల మూటలే గాని వాడుక కాదు.

ఇంతకంటె మంచి పద్ధతి ఆఱువందల యేండ్ల క్రిందటనే యుండెను. కొరియావారు చీనా వాడుక భాషను నేర్చుటకు 14వ శతాబ్దిలో కూర్చుకొన్న సంభాషణ గ్రంథమొకటి కలదు. చీనీయులు దానిని లావ్ ఛితా యనియు, కొరియావారు నోగొల్దే యనియు పిలుతురు. కొరియా వర్తకులు కొందఱు గుఱ్ఱములను, జిన్‌సెంగు వేళ్లను, బట్టలను అమ్ముకొనుటకు నేటి బీజింగు నగరమునకు పోవుచు, త్రోవలో వాంగ్ అను చీనా వర్తకునితో జతకూడుదురు. గ్రంథమంతయు ఆ ప్రయాణమే. సత్రములో చోటడుగుట, గుఱ్ఱములకు మేత వేయుట, వంట, దళారితో బేరము, అమ్మకపు పత్రము వ్రాయుట, కొన్న గుఱ్ఱము రోగిదని తేలగా తిరిగి ఇచ్చుటకు తగవు. మాట పని వెంట వచ్చును. పని లేనిచోట మాట రాదు.

ఒకచోట వైద్యుడును వచ్చును. తలనొప్పి, తల త్రిప్పు అని చెప్పిన రోగి నాడి పట్టి చూచి, చల్లని పదార్థమేదో చెఱుపు చేసినదనును. ముందటి దినము చల్లని మద్యము ఎక్కువగా త్రాగితినని రోగి ఒప్పుకొనును. అల్లపు నీటితో మాత్రలు మ్రింగుమని వైద్యుడు చెప్పి పోవును. నేటి మన విద్యార్థికి కావలసిన పుట ఇదియే!

బంధువాచకముల సంగతి మఱింత రుచికరము. వెంటనున్నవారు ఎవరని వాంగ్ అడుగగా, ఒకడు మేనత్త మేనమామల సంబంధమున అన్న యనియు, ఒకడు తల్లి అక్కచెల్లెండ్ర సంబంధమున తమ్ముడనియు, మూడవవాడు పొరుగువాడనియు జవాబు వచ్చును. అంతటితో ఆగక, మీలో మేనమామ బిడ్డ ఎవరు, మేనత్త బిడ్డ ఎవరు అని వాంగ్ మరల అడుగును. ఈ ప్రశ్నలోని సారస్యము తెలుగువారికి విడమఱచి చెప్పవలెనా? బావ వేఱు, పినతల్లి కొడుకు వేఱు. నేటి చీనాలో పినతండ్రి, పెదతండ్రి కొడుకు ఒక పేరివాడు. మేనమామ, మేనత్త, పినతల్లి కొడుకులు మఱియొక పేరివారు. మన లెక్కతో ఇది పూర్తిగా కలియదు. అయినను ఇంగ్లీషు "కజిన్" అను ఒక్కమాట గుండ మనము ఆ భాషలోనికి పోయినచో, వారి భేదమును, మన భేదమును రెండును పోగొట్టుకొందుము.

ఇక ఉచ్చారణ. చీనా ప్రభుత్వము 1958లో ఆమోదించిన రోమను లిపిలో బి, డి, జి అను అక్షరములు మన బ, డ, గ లు కావు. ప, త, క లు. పి, టి, కె అనునవి వానికి వత్తు పెట్టిన ధ్వనులు. ఇంగ్లీషు అలవాటుతో చదువువాడు ఇచ్చట తప్పక పొరబడును. "తూౘ పావ్ ల" అనగా పొట్ట నిండినది. "థూౘ ఫావ్ ల" అనగా కుందేలు పారిపోయినది. రెండింటి స్వరములును ఒక్కటే. భేదమంతయు వత్తులలో నున్నది. ౘాప, ౘాలు అను మాటలలోని దంత్య చకారము కూడ మనకు సిద్ధముగ నున్నది. ఇన్ని సాధనములుండగా తెలుగు విద్యార్థి రోమను లిపి కళ్లద్దముతో చీనాను చూచుట వింతయే. అయితే వత్తులను సంస్కృతమునకు వదలి నోట పలుకకుండుటయు, ఫకారమును ఇంగ్లీషు ఎఫ్ వలె పలుకుటయు మన దోషములు. వానిని ముందు దిద్దుకొనవలెను.

స్వరము విషయమున మన లిపి చాలదు. కొనుట, అమ్ముట రెండును "మై" యే. స్వరము దిగి లేచినచో కొనుట, ఒక్కమారుగ పడినచో అమ్ముట. బజారులో ఇంతకంటె ప్రమాదమేమున్నది? కొరియావారు దీనికిని ఉపాయము చూచిరి. 1446లో ప్రకటితమైన తమ సొంత లిపితో, 16వ శతాబ్దారంభమున ఛ్వే సేజిన్ అను పండితుడు ఈ గ్రంథమునకు అనువాదము చేసి, ప్రతి చీనా అక్షరము క్రిందను రెండు ఉచ్చారణములు వ్రాసెను: ఎడమ పూర్వగ్రంథముల ననుసరించినది, కుడి తన కాలమున వినబడునది. స్వరమునకు చుక్కలు పెట్టెను. వేదమును తెలుగు లిపిలో అచ్చువేయునపుడు అక్షరము క్రింద అడ్డగీత, పైన నిలువుగీత పెట్టుట మనకు క్రొత్త కాదు. ఆ గీతలను చీనా మాటలకు ఏల వాడరాదు?

ఈ గ్రంథమునకు లోపములు లేకపోలేదు. పాత్రలు చాలవఱకు వర్తకులు, సత్రపువారు, దళారులు. గుఱ్ఱపు రంగులు, జాతులు మొదలైన పట్టికలు వచ్చినచోట ఇదియు మూటగట్టుటకు దిగును, విసువు పుట్టును. పైగా వాడుక మాట త్వరగా ముదియును. కొరియావారు ఆ సంగతి గుర్తించి 1761లో ఒకమారు, 1795లో మఱియొకమారు దీనిని సంస్కరించి ప్రకటించిరి. పాత ప్రతిలో వైద్యుని రాజవైద్యుడను అర్థము గల పేరుతో పిలుతురు. నేడు ఉత్తర చీనా ఆసుపత్రులలో "తైఫు" అందురు. ఆ రెండక్షరములనే "తాఫూ" అని చదివినచో పూర్వకాలపు అధికారి యగును. వ్రాతలో ఏ భేదమును లేదు; ఎవరైన పిలుచుచుండగా వినిననే తెలియును.